వియత్నాం, మెక్సికో: ఎగుమతులూ ఆదాయమూ పోల్చాలంటే ఏ అంకె పట్టుకోవాలి?

ఎస్వీయూ_ఎంఏ (తిరుపతి)

అందరికీ నమస్తే. ఎంఏ ఎకనామిక్స్ చివరి సెమిస్టర్ ప్రాజెక్టుకి వియత్నాం, మెక్సికో తీసుకున్నాను. 1990 నుంచి 2023 దాకా వాటి విదేశీ వాణిజ్యం, ఆర్థిక వృద్ధి పోల్చాలి.

ఈ రెంటినే ఎంచుకోవడానికి కారణం ఉంది. రెండూ 1986లోనే దారి మార్చుకున్నాయి. మెక్సికో ఆ ఏడాది గాట్ అనే ప్రపంచ వాణిజ్య ఒప్పందంలో చేరింది. వియత్నాం ఆ డిసెంబరులో కమ్యూనిస్టు పార్టీ మహాసభలో, మార్కెట్ వైపు తలుపులు తెరిచే దోయ్ మోయ్ సంస్కరణలు మొదలుపెట్టింది. రెండింటి సరుకుకీ పెద్ద గిరాకీ అమెరికానే. రెండూ విదేశీ కంపెనీల ఫ్యాక్టరీల మీదే ఎగుమతులు పెంచుకున్నాయి. ఇప్పుడు రెండూ సీపీటీపీపీ అనే పసిఫిక్ వాణిజ్య ఒప్పందంలో ఉన్నాయి. ఒకటి అమెరికా సరిహద్దును ఆనుకుని ఉంటే, ఇంకోటి పసిఫిక్ సముద్రానికి అవతల ఉంది.

చిక్కల్లా ఒక్కో అంకె ఒక్కో దేశాన్ని గెలిపించడమే. 2023లో మెక్సికో సరుకు ఎగుమతులు 593 బిలియన్ డాలర్లు, వియత్నాంవి 355 బిలియన్. తలసరి జీడీపీ డాలర్లలో మెక్సికోకి 13 వేల పైన, వియత్నాంకి 4 వేల పైన. ఇక్కడిదాకా మెక్సికోదే పైచేయి. సగటు వృద్ధి చూస్తే వియత్నాం 6 నుంచి 7 శాతం, మెక్సికో 2 శాతం దగ్గరే ఆగింది. ఎగుమతులను జీడీపీలో వాటాగా చూస్తే వియత్నాంది ఎక్కడో పైన ఉంది.

ఏ కొలమానం పెట్టుకోవాలి, ఏ ఏడాది నుంచి లెక్క మొదలెట్టాలి? అంత ఎగుమతి చేస్తున్న మెక్సికో ఎందుకు నిదానంగా పెరిగింది? చివరి అధ్యాయంలో మన శ్రీసిటీ పారిశ్రామిక వాడ, చిత్తూరు మామిడి గుజ్జు గురించి నాలుగు పేజీలు రాయమని గైడ్ గారు అన్నారు. అది ఎట్లా అతకాలో కూడా చెప్పండి.

అంకెలూ_ఆధారాలూ

ముందు ఒక పని చేయండి. ఏడాదికేడాది మార్పు చూసే పట్టికల్లోంచి "డాలర్లలో జీడీపీ" అనే వరుసను తీసేయండి. మెక్సికో పెసో 1994 డిసెంబరు నుంచి మార్కెట్‌కి వదిలేసిన కరెన్సీ. అది ఎగిరినా పడినా జీడీపీ అంకె దానితోపాటే ఊగుతుంది. 2022లో మెక్సికో జీడీపీ సుమారు 1.46 లక్షల కోట్ల డాలర్లు, 2023లో 1.79 లక్షల కోట్లు. ఒక్క ఏడాదిలో 22 శాతం! అసలు వృద్ధి మూడు శాతం చిల్లర. మిగతాదంతా దేశంలో ధరలు పెరగడం, డాలరుకి సగటున 20 పెసోలున్నది 18 లోపుకు దిగడం. వియత్నాం కరెన్సీ దోంగ్ అట్లా కాదు. అక్కడి సెంట్రల్ బ్యాంకు రోజూ ఒక మధ్య రేటు ప్రకటించి, దానికి అటూ ఇటూ ఇంత శాతం లోపలే తిరగనిస్తుంది. 2022 అక్టోబరు నుంచి ఆ హద్దు 5 శాతం. కాబట్టి డాలరు అంకెల్లో ఒక దేశం కుదుపు కనిపిస్తుంది, ఇంకో దేశానిది కనిపించదు.

వృద్ధికి స్థిర ధరల్లో, ఆయా దేశపు కరెన్సీలో ఉన్న జీడీపీ తీసుకోండి. జీవన స్థాయికి కొనుగోలు శక్తి ప్రకారం సరిచేసిన తలసరి జీడీపీ తీసుకోండి. ఈ రెండు పనులకీ ఒకే వరుస వాడకూడదు. మీరు చెప్పిన 13 వేలు, 4 వేలు మధ్య మూడు రెట్ల తేడా ఉంది. కొనుగోలు శక్తి లెక్కకి వస్తే అది రెండు రెట్లలోపుకు తగ్గుతుంది. హనోయ్‌లో అద్దె, భోజనం, క్షవరం అన్నీ చవక. మామూలు మారకం రేటుకి ఆ సంగతి తెలియదు.

వియత్నాం విషయంలో ఇంకో గొయ్యి ఉంది. వాళ్ళ గణాంక శాఖ 2019లో జీడీపీని తిరగదోడి, 2010 నుంచి 2017 దాకా ఏడాదికి సగటున 25.4 శాతం పెంచింది. అంతకుముందు లెక్కలోకి రాని వేలాది సంస్థలు అప్పుడు చేరాయి. ప్రపంచ బ్యాంకు పట్టికలోకి ఆ మార్పు ఆ తర్వాత వచ్చింది. అందుకే 2019కి వియత్నాం వాణిజ్యం జీడీపీలో 200 శాతం దాటిందని పాత వ్యాసాల్లో కనిపిస్తుంది. ఇప్పుడు అదే ఏడాదికి దాదాపు 165 శాతం వస్తుంది. పాత వ్యాసంలోంచి ఒక అంకె, కొత్త డౌన్‌లోడ్‌లోంచి ఒక అంకె తెచ్చి ఒకే పట్టికలో పెడితే వియత్నాం వాణిజ్యం కూలిపోయినట్టు కనిపిస్తుంది. అన్ని వరుసలూ ఒకే చోట, ఒకే రోజు దించుకోండి. ఆ తేదీని పట్టిక కింద రాయండి.

మొదలు ఏడాది సంగతి. మెక్సికోకి 1995 నుంచి లెక్క మొదలెడితే వృద్ధి బాగా కనిపిస్తుంది, ఎందుకంటే పెసో సంక్షోభంతో ఆ ఏడాది జీడీపీ దాదాపు 6 శాతం పడింది. 1994 నుంచి మొదలెడితే తగ్గుతుంది. చివర 2020 పెట్టినా అంతే: మెక్సికో 8 శాతానికి పైగా కుంగింది, వియత్నాం 2.9 శాతం పెరిగింది. అందుకని మొదటి అంకె, చివరి అంకె పట్టుకుని చక్రవృద్ధి రేటు కట్టొద్దు. ప్రతి ఏడాది జీడీపీకీ సహజ లాగరిథమ్ తీసి, ఏడాది సంఖ్య మీద వాలు కట్టండి, ఆ వాలే సగటు వృద్ధి రేటు. ఎక్సెల్‌లో ఎల్ఎన్, స్లోప్ రెండు ఫార్ములాలు చాలు. మధ్యలో ఉన్న ఏళ్ళన్నీ లెక్కలోకి వస్తాయి, ఒక్క చెడ్డ ఏడాది ఫలితాన్ని లాగెయ్యలేదు. మొత్తం కాలానికి ఒకటి, ముక్కలుగా ఒకటి చూపించండి. 1994లో నాఫ్టా (అమెరికా, కెనడా, మెక్సికోల వాణిజ్య ఒప్పందం), 2001 డిసెంబరులో ప్రపంచ వాణిజ్య సంస్థలోకి చైనా, 2007 జనవరిలో అదే సంస్థలోకి వియత్నాం, 2008–09 మాంద్యం, 2018లో చైనా సరుకు మీద అమెరికా సుంకాలు. ఈ కాలాన్ని కోయాల్సిన చోట్లు ఇవే. పదేళ్ళకొక ముక్క అని గుడ్డిగా కోయొద్దు.

రెండు దేశాల జనాభా పెరిగిన వేగంలో పెద్ద తేడా లేదు, కాబట్టి తలసరి లెక్కలో కూడా అంతరం మిగిలే ఉంటుంది. 72ని వృద్ధి రేటుతో భాగిస్తే ఆదాయం ఎన్నేళ్ళకి రెట్టింపవుతుందో వస్తుంది. మొత్తం జీడీపీకి వియత్నాంలో 11 ఏళ్ళు, మెక్సికోలో 36 ఏళ్ళు. ఒక తరం మనిషికి ఈ తేడా చాలా పెద్దది. పట్టికలో ఇది తప్పకుండా పెట్టండి.

సరుకు_కోడ్లు (చిత్తూరు)

ఎగుమతుల సంగతి నేను చెప్తాను.

మీ 593, 355 రెండూ ఓడెక్కిన, లారీ ఎక్కిన సరుకు మొత్తం విలువ. అందులో ఆ దేశంలో పుట్టిన విలువ ఎంత అన్నది వేరే ప్రశ్న. వియత్నాంలోని బక్ నిన్, థాయ్ న్గుయెన్ రాష్ట్రాల్లో శాంసంగ్ ఫోన్లు తయారవుతాయి. ఫోన్ ఎగుమతి ధర మొత్తం వియత్నాం ఎగుమతిలో కలుస్తుంది. అందులోని చిప్పు, మెమరీ, కెమెరా భాగాల్లో చాలామటుకు కొరియా, చైనాల నుంచి దిగుమతి అయినవే. ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాలున్న ఆర్థిక సంఘం) వాళ్ళు "వాణిజ్యంలో కలిసిన విలువ" అని ఒక పట్టిక ఇస్తారు. దాని ప్రకారం వియత్నాం ఎగుమతుల్లో దాదాపు సగం విదేశాల్లో పుట్టిన విలువ. మెక్సికోలో అది మూడో వంతు పైచిలుకు. ఈ లెక్కలో చూస్తే మెక్సికో ఎగుమతి వియత్నాంకి ఎన్ని రెట్లు అన్న అంకె ఇంకా పెరుగుతుంది. మీ గైడ్ గారు అడిగే మొదటి ప్రశ్న ఇదే అవుతుంది. ఆ పట్టిక మూడు నాలుగేళ్ళు వెనకబడి ఉంటుంది, 2023కి దాన్ని సాగదీయకండి.

వియత్నాం ఎగుమతుల్లో 70 శాతానికి పైగా విదేశీ పెట్టుబడి కంపెనీలవే. వాటి లాభం బయటికి పోతుంది. జీడీపీ పక్కనే జాతీయ ఆదాయం (అట్లా బయటికి పోయే లాభం తీసేశాక దేశానికి మిగిలేది) కూడా ఒక వరుస పెట్టండి. మెక్సికోకి ఇంకో వైపు ఉంది: అమెరికాలో ఉన్న వాళ్ళ మనుషులు ఇంటికి పంపే డబ్బు 2023లో 63 బిలియన్ డాలర్లు. అది ఎగుమతుల్లో కనిపించదు, ఊళ్ళలో మాత్రం అంగళ్ళు నడిపేది అదే.

విలువ పెరిగితే సరుకు పెరిగినట్టు కాదు. 2024లో వియత్నాం కాఫీ ఎగుమతి 13.4 లక్షల టన్నుల దగ్గర ఆగింది, అంతకుముందు ఏడాదికన్నా 17 శాతం పైగా తక్కువ. డబ్బు మాత్రం 5.6 బిలియన్ డాలర్లు వచ్చింది, 30 శాతం పైగా ఎక్కువ. వాళ్ళు పండించే రొబస్టా రకం కాఫీ ధర అంత పెరిగింది. ఎక్కడైనా వ్యవసాయ సరుకు రాస్తే టన్నులూ డాలర్లూ రెండూ ఇవ్వండి. మెక్సికో పాత ఎగుమతులకి ఇదే జబ్బు ముడి చమురుతో ఉంది. 1980ల మొదట్లో వాళ్ళ ఎగుమతుల్లో అత్యధిక భాగం నూనే. ఇప్పుడు దాని వాటా చాలా చిన్నది, కార్లూ వాటి విడిభాగాలే మొత్తంలో మూడో వంతు దరిదాపుకి వచ్చాయి. కాబట్టి మెక్సికోకి నూనె కలిపి ఒక వరుస, నూనె తీసేసి ఒక వరుస చేయండి.

కోడ్ల దగ్గర జాగ్రత్త. సరుకులకి ప్రపంచమంతా వాడే హెచ్ఎస్ కోడ్లలో 8703 కార్లు, 8708 వాటి విడిభాగాలు, 8517 ఫోన్లు. ఆ 8517లో చేతి ఫోన్లతోపాటు నెట్‌వర్క్ పరికరాలు కూడా ఉంటాయి. 2022 నుంచి స్మార్ట్‌ఫోన్లకి వేరే ఉపశీర్షిక పెట్టారు, అంతకుముందు లేదు. ఆరు అంకెల కోడ్‌తో పాత ఏళ్ళకి వెళ్తే వరుస మధ్యలో తెగిపోతుంది. నాలుగు అంకెల దగ్గర ఆగండి.

ఎస్వీయూ_ఎంఏ (తిరుపతి)

చాలా థాంక్స్ అన్నా, ఇద్దరికీ. జాతీయ ఆదాయం వరుస పెట్టాలన్న ఆలోచనే రాలేదు.

ఇంకో సందేహం. 2024కి వియత్నాం కస్టమ్స్ లెక్కలో అమెరికాకి ఎగుమతి 119 బిలియన్ డాలర్ల పైన. అమెరికా లెక్కలో వియత్నాం నుంచి దిగుమతి 136 బిలియన్ల పైన. 17 బిలియన్ల తేడా ఓడ కిరాయి, బీమా వల్ల వచ్చిందని రాయొచ్చా? ఎగుమతిని ఎఫ్ఓబీలో (కిరాయి, బీమా లేని ధర), దిగుమతిని సీఐఎఫ్‌లో (అవి కలిపిన ధర) చూపిస్తారని చదివాను.

సరుకు_కోడ్లు (చిత్తూరు)

రాయొద్దు. మామూలుగా అయితే అదే కారణం. కానీ అమెరికా సెన్సస్ (గణాంక) శాఖ వాళ్ళు ప్రకటించే ఆ 136 బిలియన్లు కస్టమ్స్ విలువ. కిరాయి, బీమా దాంట్లో కలవవు. సీఐఎఫ్ విలువను వాళ్ళు వేరేగా ఇస్తారు. కాబట్టి ఆ జవాబు ఇక్కడ చెల్లదు.

తేడాకి కారణాలు వేరే. హైఫాంగ్‌లో కంటైనర్ ఎక్కించినప్పుడు కాగితం మీద ఏ దేశం రాస్తే వియత్నాం కస్టమ్స్ దాన్నే గమ్యంగా పట్టుకుంటుంది. సరుకు మధ్యలో వేరే దేశపు గిడ్డంగికి పోయి, అక్కడ అమ్ముడై అమెరికాకి తిరిగినా వాళ్ళ రికార్డులో ఆ మధ్య దేశమే ఉంటుంది. అమెరికా కస్టమ్స్ మాత్రం సరుకు ఎక్కడ తయారైందో చూసి రాస్తుంది. మధ్యవాళ్ళు ధర పెంచి అమ్మితే ఆ పెంపు కూడా దిగుమతి విలువలో చేరుతుంది. మెక్సికోకి ఈ తేడా అంతగా ఉండదు. సరుకులో ఎక్కువ భాగం లారెడో లాంటి సరిహద్దు గేట్ల మీదుగా లారీలో, రైల్లో నేరుగా దాటుతుంది, మధ్యలో గిడ్డంగి దేశం లేదు.

ఈ రెండు లెక్కలూ పక్కపక్కన ఒక చిన్న పట్టికగా ఇవ్వండి. విశ్లేషణ అంతా అమెరికా దిగుమతి లెక్క మీద నడపండి. దిగుమతి మీద సుంకం పడుతుంది కాబట్టి దాన్ని కస్టమ్స్ వాళ్ళు గట్టిగా చూస్తారు.

ఇంకొకటి. 2018 తర్వాత వియత్నాం ఎగుమతి పెరుగుదల అంతా వియత్నాం ఫ్యాక్టరీలదే అనుకోకూడదు. చైనా నుంచి దిగుమతి అదే సరుకు విభాగాల్లో అదే వేగంతో పెరిగిందా అని చూడాలి. నాలుగు అంకెల కోడ్‌లో చైనా నుంచి దిగుమతి ఒక గీత, అమెరికాకి ఎగుమతి ఒక గీత గీయండి. రెండూ అంటిపెట్టుకుని పోతుంటే అనుమానించండి. అంతమాత్రాన దొంగదారి అని తీర్మానించొద్దు. విడిభాగాలు తెచ్చి బిగించి పంపినా గీతలు అట్లాగే కనిపిస్తాయి. విడిభాగాలకీ పూర్తి వస్తువుకీ కోడ్ వేరే ఉన్న చోట విడగొట్టి చూస్తే తేలుతుంది.

పెట్టుబడి_వైపు

మెక్సికో ఎందుకు నిదానించింది అన్న దానికి నా వైపు నుంచి.

నాఫ్టా వల్ల మెక్సికో చెడిందని కొందరు రాస్తారు, నాకు అది సరిగా అనిపించదు. ఎగుమతులు విపరీతంగా పెరిగాయి. 2023లో చైనాని దాటి అమెరికాకి అతిపెద్ద సరుకు సరఫరాదారు అయింది. ఆ పెరుగుదల మిగతా దేశంలోకి పారలేదు, అసలు విషయం అక్కడుంది. ఉత్తరాన మాంటెర్రే, సియుదాద్ హువారెజ్, తిహువానా, మధ్యలో బహియో ప్రాంతం ఒక దేశంలా నడుస్తాయి. దక్షిణాన చియాపాస్, ఒహాకా, గెరెరో ఇంకో దేశంలా ఉంటాయి. పని చేసేవాళ్ళలో సగానికి పైగా ఇప్పటికీ అనధికార రంగంలోనే ఉన్నారు. చిన్న దుకాణానికి, చిన్న వర్క్‌షాపుకి అప్పు పుట్టదు. ప్రైవేటు రంగానికి బ్యాంకులిచ్చిన అప్పు మెక్సికోలో జీడీపీలో 35 శాతం దగ్గర, వియత్నాంలో 120 శాతం పైన. వియత్నాంది మరీ ఎక్కువ, దానికి వేరే ప్రమాదాలున్నాయి, 2022లో అక్కడి కంపెనీ బాండ్ల మార్కెట్ కుప్పకూలింది. అయినా ఫ్యాక్టరీ పక్కన డబ్బాలు చేసేవాడికి, అచ్చు పోసేవాడికి పెట్టుబడి దొరకాలి కదా. అది దొరక్కపోతే విదేశీ ఫ్యాక్టరీ గోడ దాటి పని బయటికి రాదు.

పెట్టుబడి చూడండి. వియత్నాం చాలా ఏళ్ళుగా జీడీపీలో 30 శాతం అటూ ఇటూ పెట్టుబడి పెడుతోంది. మెక్సికో 20 నుంచి 24 శాతం మధ్యే. ప్రభుత్వ పెట్టుబడి మరీ తక్కువ. దాని చరిత్ర కూడా చూడాలి: 1982 అప్పుల సంక్షోభం, 1994–95 పెసో పతనం. రెండుసార్లు కాలిన ప్రభుత్వం ద్రవ్యోల్బణాన్ని అదుపులో పెట్టడమే మొదటి పనిగా పెట్టుకుంది. కారణం అర్థమవుతుంది, దాని ఖరీదు వృద్ధిలో కనిపిస్తుంది.

ఆడవాళ్ళ పని కూడా లెక్కలోకి తీసుకోండి. వియత్నాంలో 15 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మంది పనిలో ఉన్నారు లేదా వెతుక్కుంటున్నారు. మెక్సికోలో 45 శాతం చుట్టుపక్కల. బడి చదువు సంగతికొస్తే చాలా దేశాల్లో 15 ఏళ్ళ పిల్లలకి పెట్టే పీసా పరీక్షలో, 2022లో, లెక్కల్లో వియత్నాం పిల్లలకి సగటున 469, మెక్సికో పిల్లలకి 395. తలసరి ఆదాయంలో మూడో వంతున్న దేశం చదువులో ఇంత ముందుంది. నా మటుకు ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే విలువైన అంకె ఇదే.

ఇక చైనా. మెక్సికో బట్టలు, బొమ్మలు, చిన్న ఎలక్ట్రానిక్స్ చేసి అమెరికాకి అమ్ముతున్న సమయానికి 2001లో చైనా అదే సరుకుతో దిగింది. మెక్సికో నెత్తిన పడిన దెబ్బ అది. వియత్నాంకి అదే చైనా ముడిసరుకు ఇచ్చే పొరుగు అయింది, కూలి పెరిగాక చైనా వదిలిన పని కూడా ఇటే వచ్చింది. ఒకే సంఘటన ఇద్దరికీ రెండు రకాలుగా తగిలింది. ముక్కలుగా విడగొట్టిన కాలాల్లో ఇది స్పష్టంగా కనిపించాలి. కనిపించకపోతే మీ కాలాలు తప్పు చోట తెగాయని అర్థం.

హెచ్చరిక ఒకటి: జీడీపీని ఎగుమతుల మీద రిగ్రెషన్ వేసి "ఎగుమతులే వృద్ధికి కారణం" అని రాయకండి. జీడీపీ నిర్వచనంలోనే ఎగుమతులున్నాయి, సంబంధం రాక ఏమవుతుంది? పైగా రెండు వరుసలూ ఏటేటా పైకే పోతాయి కాబట్టి ఏ సంబంధం లేకున్నా ఆర్-స్క్వేర్ (రెండూ ఎంత దగ్గరగా కలిసి నడుస్తున్నాయో చెప్పే అంకె) 0.95 వచ్చేస్తుంది. ముందు యూనిట్ రూట్ పరీక్షతో వరుస నిలకడగా ఉందో లేదో చూడండి. వరుస నిలకడగా లేకపోతే మార్పుల మీద పని చేయండి, లేదా ఏఆర్డీఎల్ (వెనకటి ఏళ్ళ విలువలను కూడా కలిపే పద్ధతి) వాడండి. మీ దగ్గరున్నవి 34 ఏళ్ళు, అంటే 34 పరిశీలనలు. నాలుగు చలరాశులకి రెండేసి లాగ్‌లు (వెనకటి ఏళ్ళ విలువలు) వేస్తే అంచనా వేయడానికి ఏమీ మిగలదు. రెండు చలరాశులు, ఒక లాగ్‌తో ఆగండి.

కూలి_లెక్క

పై మాటలు సరే గానీ మెక్సికోని మరీ తగ్గించి చూస్తున్నారేమో అనిపిస్తాంది.

వృద్ధి రేటులో వియత్నాం ముందుండడానికి సగం కారణం అది మొదలుపెట్టిన చోటే. 1990లో దాని తలసరి జీడీపీ వంద డాలర్ల చుట్టుపక్కల ఉండె. అమెరికా వాణిజ్య నిషేధం 1994 ఫిబ్రవరిలో గానీ పోలేదు, అమెరికాతో వాణిజ్య ఒప్పందం 2001 డిసెంబరులో గానీ అమలు కాలేదు. అంత కింద నుంచి వచ్చేవాళ్ళు వేగంగానే పెరుగుతారు. పొలంలో మనిషి ఫ్యాక్టరీకి పోతే ఉత్పాదకత ఒక్కసారే ఎగురుతాది. మెక్సికో ఆ మెట్టు 1950, 60, 70ల్లోనే ఎక్కేసింది. సరైన పోలిక కావాలంటే వియత్నాం ఇప్పుడున్న ఆదాయం దగ్గర మెక్సికో ఎప్పుడుందో వెతికి, అక్కడి నుంచి మెక్సికో ఎట్లా పెరిగిందో చూడాల. వియత్నాం రాబోయే ఇరవై ఏళ్ళ ప్రశ్న అదే.

కూలి కూడా పెట్టండి. మెక్సికోలో రోజు కనీస వేతనం 2018లో 88.36 పెసోలు, 2023లో 207.44. ధరల పెరుగుదల తీసేసినా చాలా పెద్ద పెంపు. ఉత్తర సరిహద్దు ప్రాంతానికి 2019 నుంచి వేరే రేటు ఉండాది, 176.72తో మొదలెట్టినారు. అంత పెంచితే ఎగుమతులు చచ్చిపోతాయన్నారు, పోలేదు. వియత్నాంలో కనీస వేతనం నెలకి, నాలుగు ప్రాంతాలకి నాలుగు రేట్లు. హనోయ్, హోచిమిన్ నగరాలున్న ఒకటో ప్రాంతానికి 2022 జూలై నుంచి 46.8 లక్షల దోంగ్‌లు, 2024 జూలై నుంచి 2025 చివరిదాకా 49.6 లక్షలు. ఒకటి రోజు లెక్క, ఒకటి నెల లెక్క. మెక్సికోది 30తో హెచ్చించి నెలకి తెచ్చుకుని, ఆయా ఏడాది సగటు మారకం రేటుతో డాలర్లకి మార్చండి. డిసెంబరు 31 రేటు వాడితే తప్పు వస్తాది.

మూలం నిబంధనలు (సరుకు ఏ దేశంలో పుట్టిందో తేల్చేవి) కూడా ఒక పేజీ రాయండి. నాఫ్టా బదులు 2020 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త ఉత్తర అమెరికా ఒప్పందంలో కారుకి సుంకం మినహాయింపు కావాలంటే విలువలో 75 శాతం ఆ మూడు దేశాల్లోనే పుట్టాల, నాఫ్టాలో అది 62.5. పైగా 40 నుంచి 45 శాతం విలువ గంటకి 16 డాలర్లు ఇచ్చే చోట తయారవ్వాల. వియత్నాంకి యూరప్‌తో 2020 ఆగస్టు నుంచి ఒప్పందం ఉండాది, అందులో చొక్కాకి మినహాయింపు రావాలంటే గుడ్డ కూడా వియత్నాంలోనో, ఒప్పందం అనుమతించిన దేశంలోనో నేసి ఉండాల. వాళ్ళ గుడ్డ ఎక్కువ భాగం చైనాది. అందుకే ఒప్పందం సంతకం అయినా చాలా బట్టల కంపెనీలు మామూలు సుంకం కట్టే పంపుతున్నాయి. ఎన్ని ఒప్పందాలున్నాయో లెక్కపెట్టి దేశానికి మార్కులేసే వ్యాసాలు చాలానే ఉండాయి. ఎంత సరుకు ఒప్పందం కింద పోతాందో చూడకుండా ఆ మార్కులకి అర్థం లేదు.

రేణిగుంట_రవాణా

మీ చివరి అధ్యాయం గురించి. శ్రీసిటీని వియత్నాంతో దేశానికి దేశం అన్నట్టు పోల్చకండి. బక్ నిన్‌తోనో, హువారెజ్‌తోనో పోల్చండి. మూడింటిలోనూ విదేశీ ఫ్యాక్టరీ, తెచ్చిన విడిభాగాలు, దగ్గరలో ఓడరేవో సరిహద్దో ఉన్నాయి. అడగాల్సిన ప్రశ్న ఒకటే: గేటు లోపల బిగించే వస్తువులో ఎంత భాగం గేటు బయట, వంద కిలోమీటర్ల లోపల తయారైంది? ఆ కంపెనీ చుట్టూ డబ్బాలు, ప్లాస్టిక్ అచ్చులు, వైరింగు చేసే స్థానిక యూనిట్లు ఎన్ని వచ్చాయి? పైన పెట్టుబడి_వైపు ఆయన మెక్సికో గురించి చెప్పిన ఫ్యాక్టరీ గోడ ఇక్కడా కనిపిస్తుందా లేదా అన్నది ఆ జవాబుతో తేలుతుంది.

డేటాలో ఒక పెద్ద తెగుదల ఉంది, చాలామంది పట్టించుకోరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. శ్రీసిటీ ఉన్న సత్యవేడు వైపు అంతా అప్పటిదాకా చిత్తూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. తిరుపతి జిల్లాలోకి అప్పుడు నెల్లూరు నుంచి గూడూరు, సూళ్ళూరుపేట, వెంకటగిరి కూడా వచ్చాయి. మదనపల్లె, పీలేరు వైపు అన్నమయ్య జిల్లాకి పోయాయి. 2021 చిత్తూరు ఎగుమతి అంకె పక్కన 2023 చిత్తూరు అంకె పెడితే జిల్లా ఎగుమతులు కుప్పకూలినట్టు వస్తుంది. పాత చిత్తూరు, పాత నెల్లూరు రెండింటినీ కలిపి ఒక పెద్ద ముక్కగా చూడడమే మంచిది.

2020 నుంచి షిప్పింగ్ బిల్లులో (ఎగుమతికి కస్టమ్స్‌లో ఇచ్చే కాగితం) సరుకు పుట్టిన రాష్ట్రంతోపాటు జిల్లా కూడా రాయాలి, జిల్లావారీ ఎగుమతి లెక్కలు వచ్చేది అందులోంచే. అంతకుముందు ఏళ్ళకి రేవుల లెక్కే దిక్కు. మన సరుకు చాలావరకు చెన్నై వైపు రేవుల్లో ఎక్కుతుంది కాబట్టి రేవు లెక్కలో చిత్తూరు ఎక్కడా కనిపించదు.

సరుకు_కోడ్లు (చిత్తూరు)

మామిడి గురించి నేను కలుపుతాను, ఎందుకంటే మెక్సికోతో పోల్చి తప్పులో పడే చోటు అదే.

మెక్సికో పంపేది ఎక్కువగా తాజా కాయ, పోయేది అమెరికాకే. పండు ఈగ రాకుండా 46.1 డిగ్రీల వేడినీళ్ళలో, కాయ బరువును బట్టి 65 నుంచి 110 నిమిషాలు ముంచి పంపుతారు. మన దేశం నుంచి అమెరికాకి తాజా కాయ పోవాలంటే రేడియేషన్ శుద్ధి కావాలి, 2007 నుంచి ఆ దారి తెరిచారు. చిత్తూరు జిల్లా బలం తాజా కాయలో లేదు, తోతాపురి గుజ్జులో ఉంది. గుజ్జు అసెప్టిక్ (క్రిములు లేకుండా శుద్ధి చేసిన) సంచిలో నింపి, సంచిని ఇనుప డ్రమ్ములో పెడతారు. డ్రమ్ముకి సుమారు 215 కిలోలు. ఇరవై అడుగుల కంటైనర్‌కి 80 డ్రమ్ములు, అంటే 17 టన్నుల పైన. చిన్న కొనుగోలుదారులకి 3.1 కిలోల టిన్నులు.

అందుకని హెచ్ఎస్ 0804.50 తీసి మెక్సికో, భారత్ అని పోలిస్తే లాభం లేదు. ఆ కోడ్‌లో జామ, మామిడి, మాంగోస్టీన్ మూడూ కలిసే ఉంటాయి. నిల్వకి తయారుచేసిన పండ్ల సరుకు 20వ అధ్యాయం కోడ్లలోకి పోతుంది. మన దేశపు ఎనిమిది అంకెల కోడ్లలో మామిడి గుజ్జు అని ఏ వరుసల్లో రాసుందో టారిఫ్ పుస్తకంలో చూసి, అవన్నీ కలిపి ఒక మొత్తం చేయండి. కిలో ధర కూడా నేరుగా పోల్చొద్దు. దాదాపు రెండు కిలోల కాయ నుంచి కిలో గుజ్జు వస్తుంది కాబట్టి, గుజ్జు ధరను కాయ ధరకి తెచ్చుకుని, అందులోంచి ఫ్యాక్టరీ ఖర్చు, డ్రమ్ము, సంచి ఖర్చు తీసేస్తేనే రైతుకి ఎంత మిగిలిందో తెలుస్తుంది. ఎగుమతి విలువ పెరిగిన ఏడాది ఫ్యాక్టరీ గేటు దగ్గర కాయ ధర కూడా పెరిగిందా అన్న ప్రశ్న మీ నాలుగు పేజీల్లో మూడు పేజీలు తినాలి.

ఎస్వీయూ_ఎంఏ (తిరుపతి)

అందరికీ కృతజ్ఞతలు. స్థిర ధరల జీడీపీ, కొనుగోలు శక్తి తలసరి, జాతీయ ఆదాయం మూడు వరుసలూ ఒకేరోజు దించుకుంటాను. కాలాన్ని 1994, 2001, 2008, 2018 దగ్గర కోస్తాను. ఎగుమతులు మొత్తం విలువలో ఒకసారి, దేశంలో పుట్టిన విలువలో ఒకసారి ఇస్తాను.

2025లో అమెరికా వేసిన సుంకాలు కలపాలా? నా కాలం 2023తో ఆగుతోంది కదా.

అంకెలూ_ఆధారాలూ

విశ్లేషణలో కలపొద్దు, ముందుమాటలో ఒక పేరా చాలు. 2025 ఏప్రిల్ 2న వియత్నాం సరుకు మీద 46 శాతం ప్రకటించి, చర్చల తర్వాత ఆగస్టు నుంచి 20 శాతం చేశారు. వేరే దేశపు సరుకు వియత్నాం పేరుతో వస్తే 40 శాతం అన్నారు. మెక్సికో మీద అదే ఏడాది మార్చిలో 25 శాతం వేసి, ఉత్తర అమెరికా ఒప్పందం నిబంధనలకి సరిపోయిన సరుకుని రెండు మూడు రోజుల్లోనే మినహాయించారు. రేట్లు మారుతూ ఉన్నాయి కాబట్టి ప్రతి అంకె పక్కన తేదీ ఉండాలి. పైన కూలి లెక్క ఆయన చెప్పిన మూలం నిబంధనల పేజీని దీని పక్కనే పెట్టండి, మెక్సికోకి ఆ మినహాయింపు ఎందుకంత విలువైనదో చదివేవాళ్ళకి అక్కడే అర్థమవుతుంది.